మూడు పేర్ల ఆవిరి పడవను చూసే తీరు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి వెళ్లినవారు లూయివిల్ రేవులో, ఒహాయో నది మీద, 'బెల్ ఆఫ్ లూయివిల్' అనే ఆవిరి పడవను ఎక్కవచ్చు. టికెట్ కొనే ముందు దాని పాత పేర్లు రెండూ తెలుసుకోండి. 1914లో పిట్స్‌బర్గ్‌లో కట్టినప్పుడు అది 'ఐడిల్‌వైల్డ్', 1948 నుంచి 'అవలాన్', 1962లో ఇప్పటి పేరు. పాత ఫొటోలనూ పత్రికలనూ ఇప్పటి పేరుతో మాత్రమే వెతికేవారికి తొలి 48 ఏళ్ల కథ దొరకదు.

ముందు ఒడ్డు మీదే కాసేపు నిలబడి పడవ నీటిలో ఎంత లోతు మునిగిందో గమనించండి. సుమారు ఐదు అడుగుల నీరుంటే చాలు, అది కదులుతుంది. మిసిసిపీ నది ఒడ్డునున్న మెంఫిస్ నగరం దగ్గర జనాన్ని ఏరు దాటిస్తూ, పత్తి, కలప, ధాన్యం మోస్తూ మొదలైన ఈ పడవ తరువాత ఎన్నో నదుల మీద విహార పడవగా తిరగగలిగిందంటే, అందుకు నీటిలో ఎక్కువ లోతు మునగని ఈ అడుగు భాగమే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఎక్కిన వెంటనే అందరూ గాలి కోసం పైకి పరుగెడతారు. మీరు మాత్రం కింది డెక్కు మీదే ఆగి, వెనుక భాగానికి నడవండి. ఆవిరి ఇంజిను తోసే కొద్దీ పొడవాటి కడ్డీలు ముందుకూ వెనక్కూ సాగుతూ ఎర్రటి తెడ్ల చక్రాన్ని తిప్పుతుంటాయి. పావుగంట అక్కడే గడిపినా నష్టం లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చమురు బార్జీలను (సరుకు మోసే చదునైన పడవలను) నెట్టింది కూడా ఈ పడవే.

అదే యుద్ధకాలంలో సైనికుల వినోదశాలగానూ పనిచేసిందన్న సంగతి నాట్యశాలలోకి వెళ్లినప్పుడు గుర్తు చేసుకోండి. అంతకుముందే, 1931లో, లూయివిల్‌లోని ఫౌంటెన్ ఫెర్రీ పార్కుకూ ఎగువనున్న రోజ్ ఐలాండ్‌కూ మధ్య విహారయాత్రికులను తిప్పింది. అవలాన్‌గా ఊరూరా తిరిగి అలసిపోయాక, 1962లో వేలానికి వస్తే, లూయివిల్ ఉన్న జెఫర్సన్ కౌంటీ (జిల్లా వంటిది) పాలనాధికారి మార్లో కుక్ చొరవతో కౌంటీ దాన్ని 34,000 డాలర్లకు కొన్నది.

పైకప్పు మీద ఆవిరితో పలికే 32 ఈలల కాలియోపీ వాద్యం ఉంటుంది. పడవ బయలుదేరే ముందు దాన్ని వాయిస్తారు కనుక చిన్నపిల్లలను పక్కన నిలబెట్టకండి, ఆ మోత మామూలుది కాదు. 1963లో మొదలైన ఆవిరి పడవల పందెం లూయివిల్‌లో ఏటా జరిగే గుర్రప్పందెం కెంటకీ డెర్బీ వారంలో జరుగుతుంది. అప్పుడు జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి, ఇంజినును తీరిగ్గా చూడదలచినవారు మరో వారం ఎంచుకోవడం మేలు.