పాత కారు కొనేముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

మాది గుంటూరు. సత్తెనపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బడికి రానూపోనూ రోజుకు డెబ్బై కిలోమీటర్లు. ఇరవై రెండేళ్లలో మూడు కార్లు వాడాను, మూడూ సెకండ్ హ్యాండువే. మొదటిది పదమూడేళ్లు నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది. రెండోది రెండేళ్లలో నా పొదుపంతా తినేసి, చివరికి మా అమ్మను వానలో రోడ్డు మీద నిలబెట్టింది. మూడోది ఈ రోజు కూడా నన్ను బడికి చేర్చింది.

తోటి ఉపాధ్యాయులు పాత కారు కొనాలనుకున్నప్పుడు నన్ను అడిగే మొదటి మాట "ఏ కంపెనీది తీసుకోమంటారు?" అని. కొత్త కారు కొనేవాళ్లకు ఆ ప్రశ్న సరిపోతుంది. ఐదారేళ్లు తిరిగిన కారైతే అంతకంటే ముందు తెలుసుకోవలసింది, అది ఎవరి చేతిలో పెరిగింది, ఏ నీళ్లలో నానింది అన్నది. ఆ సంగతి కనిపెట్టడం నాకు రెండో కారు నేర్పింది. చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను కాబట్టి తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నీలం అట్ట డైరీ

2003లో నేను కొన్న మొదటి కారు 1998 మోడల్ మారుతి 800. బ్రాడీపేటలో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారిది. లక్షా పదివేలకు బేరం కుదిరింది. కారు దగ్గరికి తీసుకెళ్లకముందే ఆయన ఒక నీలం అట్ట డైరీ తెచ్చి నా చేతిలో పెట్టారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు రీడింగ్ రాసి ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ మార్చిన రోజులు ఎర్ర సిరాతో ఉన్నాయి. ఒకచోట "ఎడమ ముందు టైరు పంక్చరు, పేరేచర్ల" అని కూడా రాసుకున్నారు.

లెక్కల టీచరును కదా, అక్కడే కూర్చుని ఐదేళ్ల అంకెలు కూడి భాగించాను. మొదటి ఏడాది లీటరుకు పదహారున్నర వస్తే, ఐదో ఏడాది పదహారుకు తగ్గలేదు. ఇంజిన్ అరిగిపోతుంటే ఆ అంకె నిలబడదు. నాకప్పటికి కార్ల గురించి ఏమీ తెలియదు, ఆ లెక్క చూసే కొన్నాను.

1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా ముప్ఫై ఏళ్లపాటు తయారైన కారది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. ఏ ఊళ్లో ఆగినా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరికేవాడు, సత్తెనపల్లి బజారులో విడిభాగాలు దొరికేవి. 2013లో పదిహేనేళ్లు నిండితే తనిఖీ చేయించి ఆర్‌సీని మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. ఆ డైరీని నేనూ కొనసాగించాను. 2016లో కారు అమ్మినప్పుడు రెండు డైరీలు దానితోపాటే వెళ్లాయి.

కాబట్టి అమ్మేవారిని మొదట అడగవలసింది సర్వీసు రికార్డు. డైరీ అందరూ రాయరు. కానీ సర్వీసు బిల్లులు, పాత ఇన్సూరెన్స్ పాలసీలు, రెండో తాళంచెవి, కారుతో వచ్చిన మాన్యువల్, వీటిలో రెండైనా చూపించలేనివారితో ధర మాట్లాడకండి. నేను 2016లో ఆ తప్పే చేశాను.

రెండో కారు దాచిపెట్టిన సంగతి

అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, కాస్త పెద్ద కారు అయితే బాగుంటుందనిపించింది. 2014 మోడల్ పెట్రోలు కారు ఒకటి చూపించారు. తమిళనాడు రిజిస్ట్రేషన్. మూడు లక్షల అరవై వేలు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ కంపెనీది కాదు. లోపల అంతా కొత్తగా మెరిసిపోతోంది. కొత్త కార్పెట్, కొత్త సీటు కవర్లు, ఘాటైన సెంటు వాసన. డ్యాష్‌బోర్డ్ అరలో ఒక్క కాగితం ముక్క లేదు. అప్పుడు అది శుభ్రత అనుకున్నాను.

మూడు నెలలు బాగానే తిరిగింది. తర్వాత ఒక రాత్రి ఎవరూ ముట్టుకోకుండా వెనక అద్దం కిందికి దిగిపోయింది. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరనంది. ఒకరోజు లైట్లు, ఇంకోరోజు వైపర్లు. మెకానిక్ ఒక వైరు మారిస్తే పదిహేను రోజులకు మరొకటి. 2018 ఆగస్టులో అమ్మను ఆసుపత్రికి చూపించి తీసుకొస్తుంటే పేరేచర్ల దాటాక ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ అందుకోలేదు. వాన. అమ్మ కర్ర పట్టుకుని గొడుగు కింద గంటసేపు నిలబడింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి చేర్పించాను. ఆయన బానెట్ ఎత్తలేదు. డ్రైవరు పక్క సీటు బెల్టును మెల్లగా, ఆగిపోయేదాకా బయటికి లాగారు. మనం పెట్టుకున్నంత మేర నల్లగా ఉన్న బెల్టు, చివరి మూరెడు మట్టిరంగులో ఉంది. వేలితో రుద్దితే గోధుమరంగు పొడి రాలింది. "అమ్మా, ఇది వరద నీళ్లు తాగిన బండి" అన్నారు. సీటు విప్పి కార్పెట్ ఎత్తితే కింద ఎండిన ఒండ్రు, చెరువు అడుగున పగుళ్లు వచ్చినట్టు. సీటు జరిగే ఇనుప పట్టాల మీద తుప్పు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె విప్పితే లోపల పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో వేల కార్లు మునిగాయి. ఇలాంటి కార్లను బాగు చేయించడం దండగ అనుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీలు యజమానికి డబ్బిచ్చేసి, కారును వేలం వేస్తాయి. వేలంలో కొన్నవారు ఎండబెట్టి, కార్పెట్ మార్చి, దూరం ఊళ్లో అమ్మేస్తారు. వెంటనే ఏమీ తెలియదు. వైర్ల కీళ్లలో చేరిన తడి, ఒండ్రు నెలల తరబడి నెమ్మదిగా తింటూ వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మన విజయవాడలోనే ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అందుకే ఇప్పుడు ఈ ఒక్క పరీక్ష గురించి కనిపించినవారికల్లా చెబుతున్నాను.

ఆ కారు మీద రిపేర్లకే లక్షా నలభై వేలు పోసి ఉన్నాను. ఇంకొకరికి అంటగట్టడానికి మనసొప్పలేదు. ఉన్న సంగతి చెప్పి, విడిభాగాల కోసం కొనేవారికి తొంభై వేలకు ఇచ్చేశాను.

కారు చూడటానికి వెళ్లిన రోజు

పొద్దున్నే వెళ్లండి. ముందురోజు సాయంత్రమే ఫోను చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, ఏదో దాచడానికే ముందుగా తిప్పి ఉంచారని అనుమానించాలి. ఇంజిన్ జబ్బులు చాలావరకు చల్లగా ఉన్నప్పుడు, మొదటి సెల్ఫ్‌లోనే బయటపడతాయి. రెండో కారు వదిలించుకున్నాక, 2018లో నేను చూసి వద్దనుకున్న వాటిలో మొదటిది ఇలాంటిదే, బానెట్ వెచ్చగా ఉంది. మరుసటి ఆదివారం చెప్పకుండా వెళ్తే, స్టార్ట్ అవ్వగానే వెనక నీలిపొగ. నీలిపొగ అంటే ఆయిల్ మండిపోతోందని అర్థం. నల్లపొగ అయితే ఇంధనం పూర్తిగా మండటం లేదు. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, కానీ ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి కారుతోంది. ఆయిల్ పోసే మూత విప్పి కిందివైపు చూడండి. పాలు కలిపిన కాఫీలాంటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమోనని మేస్త్రీకి చూపించనిదే ముందుకు వెళ్లవద్దు.

సీటు బెల్టులు ఐదూ చివరిదాకా లాగండి. కార్పెట్ అంచు ఒక మూల ఎత్తి చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్లు వాసన చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూడండి. హెడ్‌లైట్ల లోపల అడ్డంగా మట్టి గీత ఉందేమో చూడండి. సెంటు వాసన మరీ గుప్పుమంటుంటే అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపలే కూర్చోండి, దాని వెనకున్న ముక్కిన వాసన నెమ్మదిగా తెలుస్తుంది.

ప్రమాదం జరిగిందా లేదా అన్నది బోల్టులు చెబుతాయి. బానెట్‌నూ, తలుపులనూ పట్టి ఉంచే బోల్టుల మీద కంపెనీ రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. రంగు లేచి స్పానర్ గుర్తులుంటే ఆ భాగాన్ని ఎప్పుడో విప్పారు. నేను చూసి వదిలేసిన రెండో కారుకు ముందు బోల్టులన్నీ అలాగే ఉన్నాయి. అమ్మే ఆయన "చిన్న గీత పడితే రంగు వేయించాం" అన్నారు. గీతకు టింకరింగ్, అంటే రేకు విప్పి సరిచేసే పని, అవసరం ఉండదు. అద్దాల మూలన చిన్న అక్షరాల్లో ఉండే తయారీ ముద్రలు కూడా పోల్చి చూడండి. అన్నీ ఒక తీరుగా ఉండి ఒక్కటి వేరుగా ఉంటే, ఆ అద్దం ఎందుకు పగిలిందో అడగాలి.

మీటరు రీడింగ్‌ను మాత్రం నమ్మవద్దు. వెనక్కి తిప్పడం కష్టమైన పనేమీ కాదు. నాకు టైర్లే సాక్ష్యం. ప్రతి టైరు పక్కన "డీఓటీ" అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2313 అని ఉంటే 2013లో 23వ వారంలో తయారైందని. ఐదేళ్ల కిందటి కారు, రీడింగ్ ఇరవై ఎనిమిది వేలు, నాలుగు టైర్లూ నిరుటివి. నేను వదిలేసిన మూడో కారు సంగతి ఇది. అన్ని తక్కువ కిలోమీటర్లకే మొదటి టైర్లు ఎందుకు అరిగిపోతాయి? బ్రేకు, క్లచ్ పెడల్స్ రబ్బరు చూస్తే గీతలన్నీ పోయి నున్నగా ఉంది. పాదం అబద్ధం చెప్పదు.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డ్ దీపాలు చూడండి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే, లోపం కనిపించకుండా దాన్ని తీసేసి ఉండవచ్చు. మీ మెకానిక్ దగ్గర కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్ ఉంటే స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టించండి, అయితే అమ్మేముందు లోపాల పట్టికను చెరిపేసే అలవాటు కొందరికి ఉంది, కాబట్టి ఇరవై కిలోమీటర్లు నడిపాక మళ్లీ పెట్టించాలి. ఆ నడపడంలో ఒక గతుకుల రోడ్డు, ఒక ఎత్తు ఉండేట్టు చూసుకోండి. రేడియో, ఏసీ ఆపేసి చెవులు పెట్టండి.

పెట్రోలా డీజిలా అన్నది మీ దారిని బట్టి. రోజూ ఊళ్లోనే ఐదారు కిలోమీటర్లు తిరిగేవారు 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ కారు జోలికి వెళ్లకపోవడమే మంచిది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే కొంత దూరం ఆగకుండా వేగంగా వెళ్లాలి.

కాగితాలు

ఇంటి నుంచి కదలకముందే కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో కారు నంబరు కొట్టి చూడండి. ఎన్నో యజమాని, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అప్పు ఉందా, చలానాలు బాకీ ఉన్నాయా, అన్నీ అక్కడ తెలుస్తాయి. హైపోథికేషన్, అంటే కారు మీద అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు మాట. ఆర్‌సీలోని చాసిస్ నంబరును కారు మీదున్న నంబరుతో ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి పోల్చండి.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూడటం చాలామందికి తెలియదు. ఏటా క్లెయిమ్ లేకపోతే అది ఇరవైతో మొదలై యాభై శాతం దాకా పెరుగుతుంది. ఐదేళ్ల కారు పాలసీలో సున్నా ఉంటే, నిరుడు ఏదో క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. ఏమిటని అడగండి. ఆ బోనస్ యజమానిది, కారుది కాదు, మీకు బదిలీ కాదు.

యాజమాన్యం మార్పుకు పెట్టే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఆ రోజే తీసుకోవాలి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవడానికీ పద్నాలుగు రోజులే గడువు.

నాలుగోదిగా చూసిన కారే ఇప్పటి నాది. 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్, నరసరావుపేటలో ఒక పశువైద్యుడి దగ్గర కొన్నాను. సర్వీసు బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో, తేదీల వరుసలో ఉన్నాయి. 1248 సీసీ ఇంజిన్, అప్పట్లో ఎన్నో కంపెనీల కార్లలో వచ్చిందే, అందుకని పని తెలిసినవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. యాభై ఎనిమిది వేల రీడింగ్ దగ్గర కొంటే ఇప్పుడు లక్షా అరవై అయిదు వేలు దాటింది. క్లచ్ ప్లేటు ఒకసారి, బ్యాటరీ రెండుసార్లు, ముందు సస్పెన్షన్ బుష్‌లు ఒకసారి మార్చాను. అమ్మ ముందు సీట్లోనే కూర్చుంటుంది.

బేరం కుదిరిన రోజు ధరలో పదివేలు ఆపి, ఆర్‌సీలో నా పేరు పడ్డాక ఇస్తానని కాగితం రాసుకున్నాం. ఆయన ఏమీ అనుకోలేదు. ఇరవై మూడో రోజు వెబ్‌సైటులో నా పేరు కనిపించింది. సాయంత్రం బడి అయ్యాక నరసరావుపేట వెళ్లి ఆ పదివేలు ఇచ్చేసి వచ్చాను.