క్రిస్మస్‌కి ఊరెళ్లేవాళ్లు రెండు తేదీలు రాసి పెట్టుకోండి

హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు క్రిస్మస్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబర్ 1 నుంచి ఇదే లెక్క. కాబట్టి డిసెంబర్ 23 రాత్రి ఎక్కాలంటే అక్టోబర్ 24 ఉదయం 8 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. జనవరి 2 తిరుగు ప్రయాణానికి నవంబర్ 3. చాలామంది వెళ్లే టికెట్ తీసుకుని, తిరుగు టికెట్ మర్చిపోతారు. అసలు ఇబ్బంది అక్కడే.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నరసాపురం రైళ్లలో వెయిటింగ్ లిస్ట్ పెరిగిపోతే నేను తాడేపల్లిగూడెం వరకు చూస్తాను. విశాఖ వైపు వెళ్లే రైళ్లు అక్కడ చాలానే ఆగుతాయి. అక్కడి నుంచి భీమవరానికి బస్సులు బాగానే ఉంటాయి. ఈ దారి తెలియక ఒక ఏడాది 25 మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అప్పటికి చర్చిలో ఆరాధన అయిపోయింది, అమ్మ మాత్రం అన్నం తినకుండా గుమ్మంలోనే కూర్చుని ఉంది. వీలైతే 23నే బయల్దేరండి. 24 రాత్రి ఇంటిమీద స్టార్ వెలిగించేటప్పుడు మీరు అక్కడ ఉండాలి.