చెత్త బండి రాకముందే మనం చేయవలసిన పని

కొన్నేళ్ల క్రితం, హనుమకొండలోని మా ఇంటి ముందు చెత్త బండి ఆగినప్పుడు, మేము ఇచ్చిన సంచిలోని గాజు ముక్క గుచ్చుకొని ఆ బండి మీద పనిచేసే అక్క అరచేయి తెగింది. ముందు రాత్రి పగిలిన గ్లాసును నేనే కాగితమైనా చుట్టకుండా ఆ సంచిలో వేశాను. మేము తెచ్చిన గుడ్డ కట్టుకొని "ఏం కాదు సారూ" అంటూ ఆమె పక్కింటికి నడిచింది. పారిశుధ్య కార్మికులను గౌరవించాలనుకొనేవారు మొదట వారి చేతికి తామేమి అందిస్తున్నారో చూసుకోవాలని ఆనాటి నుండి నేను అందరికీ చెబుతున్నాను.

ఈ పని వంటింట్లోనే మొదలుకావాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త అనే మూడింటిని ఎవరి ఇంట్లో వారే వేరు చేయాలని చెప్పాయి. మనం వేరు చేయకపోతే ఆ పని ఆగిపోదు. కదులుతున్న బండిలో నిలబడి, కుళ్లిన అన్నంలో చేయి పెట్టి, సీసాలనూ అట్టలనూ ఏరే మనిషి మీద పడుతుంది. తడి చెత్తను ప్లాస్టిక్ సంచిలో ముడివేయకుండా బుట్టతోనే బండిలో కుమ్మరించాలి, ఎందుకంటే ప్రతి ముడినీ ఎవరో ఒకరు చేత్తో విప్పవలసిందే. పాల ప్యాకెట్లను ఒకసారి నీళ్లతో కడిగి, అట్టపెట్టెలను తడవకుండా మడిచి ఇస్తే, వాటిని పాత సామాన్ల దుకాణంలో అమ్ముకొనేవారికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి.

గాజు ముక్కలను, బ్లేడ్లను మందపాటి కాగితంలో చుట్టి, అట్టడబ్బాలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "గాజు" అని రాయాలి. అయితే చదవడం రానివారూ ఉంటారు కనుక నోటితో కూడా చెప్పాలి. షుగరు ఉన్నవారి ఇళ్లలో ఇన్సులిన్ సూదులు రోజూ పోగవుతాయి. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి వంటి జబ్బులు సోకవచ్చు కాబట్టి వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, విడిగా అప్పగించాలి. డైపర్లను, శానిటరీ ప్యాడ్లను పాత పేపరులో గట్టిగా చుట్టి ఇవ్వడం కనీస మర్యాద. దీనిని పాటించని చదువుకున్న ఇళ్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక మాట సంగతి. "చెత్తోడు వచ్చిండు" అని ఇంట్లో పెద్దలు అంటే పిల్లలు అదే నేర్చుకుంటారు. అతడు తెచ్చినది చెత్త కాదు. చెత్త మనది, తీసుకుపోతున్నది అతడు. తరతరాలుగా ఈ పనిని కొన్ని కులాల మీదనే మోపిన సమాజంలో పిలుపు చిన్న విషయం కాదు. పేరు అడిగి తెలుసుకొని, వయసును బట్టి అన్నా, అక్కా, తమ్ముడూ అని వరస కలిపి పిలవాలి. బుట్టను దూరం నుండి విసరకుండా చేతికి అందించాలి. ఎండాకాలంలో చల్లని నీళ్లు ఇవ్వాలి, అయితే మనం తాగే గ్లాసుతోనే ఇవ్వాలి. వేరుగా పెట్టిన పాత గ్లాసుతో నీళ్లు ఇవ్వడం అవమానమే.

2023 జూలైలో మా ఊరికి వరదలు వచ్చి హంటర్ రోడ్డు, ఎన్‌జీవోస్ కాలనీ వైపు ఇళ్లలోకి నీళ్లు చేరినప్పుడు, నీళ్లు తీశాక మిగిలిన బురదను ఎత్తిపోసినదీ మోరీలలో ఇరుక్కున్న చెత్తను తీసినదీ ఈ మనుషులే. అటువంటి రోజుల్లో చేతితొడుగులు, రబ్బరు బూట్లు కొని ఇవ్వగలిగినవారు ఇవ్వాలి. కొనేముందు పాదం కొలత అడగాలి, సరిపోని బూట్లు మూలన పడతాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరకో భద్రకాళి చెరువు గట్టుకో వెళ్లేవారు, సత్తుపిండి తెచ్చిన కవర్లను అక్కడ వదలకుండా తిరిగి ఇంటికి తెచ్చుకుంటే, మరునాడు తెల్లవారుజామున చీపురు పట్టేవారికి అంత పని తగ్గుతుంది.

బండి ఒక రోజు రాకపోతే వెంటనే ఫిర్యాదు చేయకుండా, మరునాడు వచ్చినవారిని కారణం అడగాలి. బండి చెడిపోయి ఉండవచ్చు, మనిషికి జ్వరం వచ్చి ఉండవచ్చు. మంచి పని చేసినప్పుడు మాత్రం నోటిమాటతో సరిపెట్టకుండా, వారి పేరు, వీధి, చేసిన పని వివరంగా రాసి డివిజన్ కార్పొరేటరుకో నగరపాలక సంస్థ కార్యాలయానికో ఇవ్వాలి. దాని నకలు ఒకటి ఆ కార్మికుని చేతిలో పెట్టాలి.