బిల్లులన్నీ కడుతున్నా స్కోరు పెరగడం లేదా: సమస్య - పరిష్కారం

క్రెడిట్ స్కోరు అంటే, మన అప్పులు, చెల్లింపుల వివరాలను భద్రపరిచే సంస్థ (క్రెడిట్ బ్యూరో) రిపోర్టులోని నమోదుల నుంచి లెక్కగట్టిన సంఖ్య. కాబట్టి ముందుగా రిపోర్టు తెప్పించుకుని, తేడా ఏ నమోదు దగ్గర వచ్చిందో చూసుకోవాలి. సొంత రిపోర్టును సొంతదారే చూసుకుంటే స్కోరు తగ్గదు.

సమస్య: కార్డు బిల్లు ప్రతి నెలా గడువులోపు పూర్తిగా కడుతున్నా స్కోరు తక్కువగానే ఉంది.

కారణం: కార్డు సంస్థలు సాధారణంగా స్టేట్‌మెంట్ తయారైన నాటి బాకీని బ్యూరోకు పంపుతాయి, చెల్లింపు గడువు మాత్రం ఆ తర్వాత కొన్ని వారాలకు వస్తుంది. అందువల్ల పరిమితిలో 80 శాతం వాడి, గడువులోపు పైసాతో సహా తీర్చేసిన మనిషి కూడా రిపోర్టులో అప్పుల్లో మునిగినవాడిలాగే కనిపిస్తాడు. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో (FICO) స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీల మొత్తానికి 30 శాతం ప్రాధాన్యం ఉంది కనుక ఈ తేడా చిన్నది కాదు.

పరిష్కారం: స్టేట్‌మెంట్ తేదీకి మూడు నాలుగు రోజుల ముందే బాకీలో ఎక్కువ భాగం కట్టేయాలి. వాడకం కార్డు పరిమితిలో 30 శాతం లోపు ఉండాలని తరచూ చెబుతారు గానీ, అదేమీ లక్ష్మణరేఖ కాదు, ఇంకా తగ్గితే ఇంకా మేలు. చాలా స్కోరు నమూనాలు చివరిగా నమోదైన బాకీనే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి ఫలితం ఒకటి రెండు నెలల్లోనే తెలుస్తుంది. కొంత బాకీ మిగిల్చి వడ్డీ కడితే స్కోరు పెరుగుతుందన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, దానివల్ల బాగుపడేది కార్డు సంస్థ ఒక్కటే.

సమస్య: అసలు స్కోరే రావడం లేదు.

కారణం: చరిత్ర చాలకపోవడం. ఫైకో లెక్కకు కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి, గత ఆరు నెలల్లో బ్యూరోకు చేరిన నమోదు ఒకటి ఉండాలి. డెబిట్ కార్డు వాడకం ఈ చరిత్రలోకి రాదు.

పరిష్కారం: డిపాజిట్ హామీగా ఇచ్చే సెక్యూర్డ్ కార్డు తీసుకుని, కొద్దిగా వాడుతూ పూర్తిగా కట్టాలి. ఆ సంస్థ బ్యూరోకు వివరాలు పంపుతుందో లేదో తీసుకునే ముందే అడగాలి.

సమస్య: తీరిపోయిన అప్పు 'సెటిల్డ్' అని కనిపిస్తోంది.

కారణం: రుణదాత కొంత వదులుకుని, మిగిలింది తీసుకుని ఖాతా ముగించాడన్నమాట. పూర్తిగా కట్టినా అలాగే ఉంటే అది నమోదులో పొరపాటు.

పరిష్కారం: పొరపాటైతే నో డ్యూ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదని రుణదాత ఇచ్చే పత్రం) జతచేసి బ్యూరోకూ రుణదాతకూ ఫిర్యాదు పంపాలి. నిజంగానే కొంత వదిలేసి ఉంటే, ఆ మొత్తం ఇప్పుడు కడితే నమోదు మారుస్తామన్న హామీని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

సమస్య: తీసుకోని అప్పు మన పేరిట ఉంది.

కారణం, పరిష్కారం: గతంలో ఎవరికైనా హామీ సంతకం పెట్టామా అని ముందు గుర్తుచేసుకోవాలి. పెట్టి ఉంటే ఆ అప్పు వాయిదాలు సరిగా వెళ్తున్నాయో లేదో కనుక్కోవాలి. పెట్టకపోతే అది మోసం కావచ్చు కనుక అదే రోజు బ్యూరోకూ రుణసంస్థకూ రాతపూర్వకంగా తెలియజేయాలి.