ఆస్ట్రేలియాలో పీఆర్ రాకముందే ఇల్లు కొనాలంటే: ఎఫ్‌ఐఆర్‌బీ దరఖాస్తు విధానం

మీరు పీఆర్ (శాశ్వత నివాసం) ఇంకా రాక, 482 (ఉద్యోగం), 485 (చదువు ముగించినవాళ్లది), 491 (ప్రాంతీయ ఉద్యోగం), 500 (విద్యార్థి) లాంటి తాత్కాలిక వీసా మీద ఆస్ట్రేలియాలో ఉండి ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే, అన్నిటికన్నా ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ అనుమతి చేతికి రాకుండా ఏ కాంట్రాక్టు మీదా షరతు లేకుండా సంతకం పెట్టకూడదు. బ్రోకర్ వచ్చి "ఈ లాట్ (స్థలం) రేపటికి ఉండదు" అన్నా సరే, బిల్డర్ "పేపర్లు తర్వాత చూసుకుందాం" అన్నా సరే. ఇక్కడ తాత్కాలిక వీసా ఉన్నవాళ్లంతా చట్టం దృష్టిలో విదేశీయులే. పదేళ్లుగా పన్ను కడుతున్నా అంతే. 1975 నాటి విదేశీ కొనుగోళ్ల చట్టం ప్రకారం విదేశీయులు ఇల్లుగానీ స్థలంగానీ కొనాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. దీన్నే మనవాళ్లు ఎఫ్‌ఐఆర్‌బీ (విదేశీ పెట్టుబడుల సమీక్షా బోర్డు) అప్రూవల్ అంటారు. ఇళ్ల విషయంలో దరఖాస్తు తీసుకునేది, పరిశీలించేది మాత్రం టాక్స్ ఆఫీసు, అంటే ఏటీఓ.

ఎక్కువమంది పొరబడేది 491 దగ్గర. అయిదేళ్ల వీసా, మెడికేర్ (ప్రభుత్వ వైద్య సదుపాయం) ఉంది, బ్యాంకు లోన్ ఇస్తానంటోంది, ఇంకేం కావాలి అనుకుంటారు. కానీ 191 (దాని తర్వాత వచ్చే పీఆర్ వీసా) గ్రాంట్ అయ్యేదాకా అది తాత్కాలిక వీసానే, అనుమతి కావలసిందే. పీఆర్‌కి దరఖాస్తు పెట్టి బ్రిడ్జింగ్ వీసా మీద ఎదురుచూస్తున్నవాళ్లదీ ఇదే పరిస్థితి. లెక్కలోకి వచ్చేది సంతకం పెట్టిన రోజున మీ దగ్గరున్న వీసా. సెటిల్‌మెంట్ (డబ్బంతా కట్టి ఇల్లు చేతికొచ్చే రోజు) నాటికి పీఆర్ వచ్చేస్తుందిలే అన్న ధైర్యంతో ముందే సంతకం పెడితే అది ఉల్లంఘనే అవుతుంది. ఇంటిని బలవంతంగా అమ్మించే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది.

అనుమతి అవసరం లేనివాళ్లు ఎవరంటే, ఆస్ట్రేలియా పౌరులు, పీఆర్ ఉన్నవాళ్లు, ఇక్కడ ప్రత్యేక కేటగిరీ వీసా మీద ఉండే న్యూజిలాండ్ పౌరులు. వీళ్లలో ఎవరైనా మీ భర్తో భార్యో అయి, ఇద్దరూ కలిసి జాయింట్ టెనెంట్స్‌గా (విడి వాటాలు లేని ఉమ్మడి యజమానులుగా) కొంటే మీకూ అనుమతి అక్కర్లేదు. పెళ్లయి ఇండియా నుంచి 309 (తాత్కాలిక పార్ట్‌నర్ వీసా) మీద వచ్చిన అమ్మాయి, సిటిజన్ అయిన భర్తతో కలిసి కొనే సందర్భం మనవాళ్లలో చాలా మామూలు, వాళ్లకి ఇది వర్తిస్తుంది. కానీ కాంట్రాక్టులో "టెనెంట్స్ ఇన్ కామన్" అని రాయించి సగం సగం వాటాలు పెట్టుకుంటే ఈ మినహాయింపు పోతుంది. ఆ ఒక్క పదం దగ్గర కన్వేయన్సర్‌ని (ఆస్తి బదిలీ కాగితాలు చూసే నిపుణుడిని) అడిగి మరీ ఖాయం చేసుకోండి.

ఇంకో సంగతి. డబ్బు సర్దారు కదా అని హైదరాబాద్‌లో ఉన్న నాన్నగారి పేరు కూడా టైటిల్‌లో వేయిద్దామనుకుంటారు కొందరు. మీకు పీఆర్ ఉన్నా ఆయన విదేశీయుడే కాబట్టి ఆయన వాటాకి అనుమతి, ఫీజు, రాష్ట్ర సర్‌చార్జి (విదేశీయులకి రాష్ట్రం వేసే అదనపు డ్యూటీ) అన్నీ వచ్చి పడతాయి. అమ్మానాన్నల సాయం కావాలంటే వాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద మీకు గిఫ్ట్‌గా పంపడం నయం. రిజర్వ్ బ్యాంకు ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు పంపుకోనిస్తుంది. గిఫ్ట్ అని రాసిన లెటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి, ఇక్కడి బ్యాంకు తప్పకుండా అడుగుతుంది.

ఇప్పుడు ఏం కొనొచ్చు అన్నది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు విదేశీయులు పాత ఇళ్లు, అంటే ఇదివరకే ఎవరో కొనుక్కుని ఉన్న ఇళ్లు, కొనడం నిషేధం. అంతకుముందు తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తాము ఉండటానికి ఒక పాత ఇల్లు అనుమతితో కొనుక్కోగలిగేవాళ్లు, ఆ దారి ఇప్పుడు మూసేశారు. ఉన్న కొద్దిపాటి మినహాయింపులు ఒకేచోట కనీసం 20 ఇళ్లు అదనంగా కట్టేవాళ్లకి, అలాంటివాళ్లకి తప్ప మామూలు కుటుంబానికి పనికిరావు. ఇక మిగిలినవి కొత్త ఇల్లు, ఖాళీ స్థలం. కొత్త ఇల్లంటే ఇంతకుముందు ఇల్లుగా ఎవరికీ అమ్మనిది, ఇంతవరకు ఎవరూ ఉండనిది, లేదా డెవలపరే అమ్ముతున్న ప్రాజెక్టులోదైతే మొత్తం కలిపి 12 నెలలకి మించి ఎవరూ ఉండనిది. లోపల వంటగది మార్చి, రంగులేసి "బ్రాండ్ న్యూ లుక్" అని ప్రకటన ఇచ్చిన పాత ఇల్లు కొత్త ఇల్లు కాదు.

మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు, సిడ్నీలో మార్స్‌డెన్ పార్క్ వైపు మనవాళ్లు ఎక్కువగా తీసుకునేవి హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీలు. ఇంటి పని ఇంకా మొదలవకపోతే దాన్ని ఖాళీ స్థలం కిందే చూస్తారు. దీనికి రెండు షరతులు. అనుమతి వచ్చిన తేదీ నుంచి నాలుగేళ్లలోపు ఇల్లు కట్టడం పూర్తవ్వాలి, పూర్తయ్యేదాకా స్థలం అమ్మకూడదు. టైటిల్ రావడమే ఏడాదికి పైగా ఆలస్యమయ్యే లేఅవుట్లు ఉన్నాయి, మధ్యలో బిల్డర్ చేతులెత్తేస్తే నాలుగేళ్లు ఇట్టే కరిగిపోతాయి. అందుకే టైటిల్ రిజిస్టర్ అయిన లాట్ దొరికితే కాస్త ధర ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

దరఖాస్తు ఇలా. ఏటీఓ సైట్‌లో విదేశీ పెట్టుబడిదారుల ఆన్‌లైన్ సేవలు అని ఉంటుంది, అందులోకి మైఐడీతో (ప్రభుత్వ డిజిటల్ గుర్తింపు యాప్) లాగిన్ కావాలి. పాస్‌పోర్టు, వీసా గ్రాంట్ నోటీసు, స్థలం లాట్ నంబరు, ప్లాన్ నంబరు, చిరునామా, ధర, డ్రాఫ్ట్ కాంట్రాక్టు దగ్గర పెట్టుకుని కూర్చోండి. టైటిల్ మీద ఎవరెవరి పేర్లు రావాలో అవే పేర్లు, పాస్‌పోర్టులో ఉన్నట్టే, దరఖాస్తులో ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, తండ్రి పేరు మధ్యలో వచ్చిందా అన్న తేడాలు మన పాస్‌పోర్టుల్లో సర్వసాధారణం కాబట్టి ఇక్కడ నిదానంగా చూసుకోండి. భర్త పేరు మీద అనుమతి తీసుకుని కాంట్రాక్టు ఇద్దరి పేర్ల మీద రాసుకోవడం కుదరదు. మీ తరఫున కన్వేయన్సరో లాయరో టాక్స్ ఏజెంటో కూడా పెట్టొచ్చు, అయితే పంపేముందు ప్రతి లైనూ మీరే చదవండి, తప్పుడు సమాచారానికి బాధ్యత మీదే.

పంపాక ఫీజు కట్టాలి. ఫీజు అందాకే గడియారం మొదలవుతుంది, అక్కడి నుంచి నిర్ణయానికి మామూలుగా 30 రోజులు, అవసరమైతే ఇంకో 90 రోజుల దాకా పొడిగించుకునే వీలు వాళ్లకుంది. ఫీజు ధరని బట్టి మారుతుంది, ప్రతి జూలై 1న పెరుగుతుంది. 2024-25లో పది లక్షల డాలర్ల లోపు కొత్త ఇంటికి 14,700 డాలర్లు ఉండేది. దరఖాస్తు తిరస్కరించినా, మీరే మనసు మార్చుకున్నా ఆ డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అనుమతి వచ్చాక సాధారణంగా 12 నెలల్లో కొనుగోలు జరగాలి.

ఈ ఫీజు తప్పే దారి ఒకటుంది. పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టే డెవలపర్లు కొందరు ముందే కొత్త ఇళ్ల మినహాయింపు సర్టిఫికెట్ తీసుకుని ఉంటారు. అలాంటి చోట కొంటే మీరు విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు, ఫీజు వాళ్లే కట్టుకుంటారు. నోటిమాట నమ్మకండి. సర్టిఫికెట్ కాపీ అడిగి, మీ ఫ్లాట్ ఉన్న ప్రాజెక్టు, గడువు తేదీ చూసుకున్నాకే ముందుకెళ్లండి.

అనుమతి రాకముందే లాట్ పట్టుకోవాలంటే కాంట్రాక్టులో "ఎఫ్‌ఐఆర్‌బీ అనుమతికి లోబడి" అన్న షరతు రాయించండి. అనుమతి రాకపోతే డిపాజిట్ మొత్తం వెనక్కివ్వాలని కూడా అందులోనే ఉండాలి. కూలింగ్ ఆఫ్ గడువు (సంతకం పెట్టాక వెనక్కి తగ్గడానికి ఇచ్చే రోజులు) ఉందిలే అని ధీమాగా ఉండకండి. విక్టోరియాలో అది మూడు పనిరోజులు, న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు ఇంటికి అయిదు, ఆ లోపు అనుమతి వచ్చే అవకాశమే లేదు.

అసలు బరువు మాత్రం రాష్ట్రాల దగ్గర పడుతుంది. మామూలు స్టాంప్ డ్యూటీ కాక విదేశీయులకి ఇంటి ధర మీద సర్‌చార్జి అదనంగా విక్టోరియాలో 8 శాతం, న్యూ సౌత్ వేల్స్‌లో 2025 జనవరి 1 నుంచి 9 శాతం, క్వీన్స్‌లాండ్‌లో 8 శాతం. మెల్‌బోర్న్‌లో ఏడు లక్షల డాలర్ల కొత్త ఇల్లు అనుకోండి, సర్‌చార్జి 56,000, దానికి పై ఫీజు కలిపితే 70,700 డాలర్లు. ఇది డిపాజిట్‌లోకి రాదు, బ్యాంకు దీనికి లోన్ ఇవ్వదు, సొంతంగా తేవాల్సిందే. పైగా తాత్కాలిక వీసా వాళ్లకి చాలా బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వడానికి ఇష్టపడవు. భార్యాభర్తల మినహాయింపు విషయంలో కూడా కేంద్రం అనుమతి అక్కర్లేదన్నంత మాత్రాన రాష్ట్రం సర్‌చార్జి వదిలేస్తుందని అనుకోకూడదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నియమం వేరు.

అందుకే నా సలహా సూటిగా చెప్తాను. పీఆర్ ఏడాది, ఏడాదిన్నర దూరంలో కనిపిస్తుంటే ఆగండి. ధరలు పెరిగిపోతాయన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది, అద్దె కడుతూ పక్కవాళ్ల గృహప్రవేశానికి వెళ్లిరావడం ఎంత కష్టంగా ఉంటుందో కూడా తెలుసు. కానీ ఏడు లక్షల ఇల్లు పది శాతం పెరిగినా 70,000 డాలర్లే, అంటే మీరు ఇప్పుడు ఫీజులకి కట్టబోయేదానితో సమానం. పీఆర్ వచ్చాక పాత ఇళ్లు కూడా చూసుకోవచ్చు, స్కూలు దగ్గరో స్టేషన్ దగ్గరో. పీఆర్ దారి ఇంకా తేలనివాళ్లు, ఉద్యోగం మారితే వీసా మారేవాళ్లు అయితే మరీ తొందరపడొద్దు.

కొన్నాక కూడా కాగితాల పని ఉంటుంది. ఇల్లు మీ పేరు మీదికి వచ్చిన 30 రోజుల్లోపు విదేశీ ఆస్తుల రిజిస్టర్‌లో ఏటీఓకి తెలపాలి. ప్రతి ఏడాదీ వేకెన్సీ రిటర్న్ (ఇల్లు ఎన్నాళ్లు వాడుకలో ఉందో ఏటీఓకి చెప్పే పత్రం) వేయాలి, మీరే అందులో ఉంటున్నా సరే. ఏడాదిలో కనీసం 183 రోజులు మీరు ఉండాలి, లేదా 30 రోజులకి తగ్గని అద్దె ఒప్పందంతో ఇచ్చి ఉండాలి. అమ్మానాన్నలకి బాగాలేదని ఏడు నెలలు ఊరెళ్లి ఇంటికి తాళం వేస్తే, లేదా రిటర్న్ వేయడం మర్చిపోతే, దరఖాస్తు ఫీజుకి రెట్టింపు వేకెన్సీ ఫీజు పడుతుంది, పై ఉదాహరణలో 29,400 డాలర్లు. ఎయిర్‌బీఎన్‌బీలో రోజుల లెక్కన ఇచ్చినవి ఈ 183లోకి రావు.

పీఆర్ గ్రాంట్ లెటర్ వచ్చిన తర్వాత 30 రోజుల్లోపు అదే రిజిస్టర్‌లోకి వెళ్లి, మీరిక విదేశీయులు కారని నమోదు చేయండి. ఆ నమోదు చేయకపోతే ఏటీఓ రికార్డుల్లో మీరు పాత వీసా మీదే ఉన్నట్టు కనిపిస్తారు, వేకెన్సీ రిటర్న్ ఏదన్న నోటీసులు వస్తూనే ఉంటాయి.