ఎడమకు తిరిగిపోయే పైపర్ కబ్‌ను ఇలా దారిలో పెట్టాను

బరంపురం బయట, కోతయ్యాక చదునుచేసిన కళ్లంలో నా పైపర్ జె-3 కబ్ రిమోట్ మోడల్ ఎగరేస్తుంటాను. అసలు విమానం తయారీ 1947లోనే ఆగిపోయింది. నాది బొమ్మే అయినా తోక చక్రం పేచీ అదే: థ్రాటిల్ (మోటార్ వేగం పెంచే మీట) ఇవ్వగానే ఎడమకు గిర్రున తిరిగి, రెక్క కొస నేలకు రాసుకునేది. రెండు ప్రొపెల్లర్లు విరిగాయి.

మోటార్‌ను అనుమానించాను, కానీ తప్పు నా వేలిది. బరువు కేంద్రం ముందున్న పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త పక్కకు జరిగితే చాలు, తోక ముందుకొచ్చేస్తుంది. ప్రొపెల్లర్ గాలి కూడా ఎడమకే తిప్పుతుంది.

ఇప్పుడు ఎదురుగాలికి నిలబెట్టి, ఎలివేటర్ (తోకను పైకీ కిందికీ కదిలించే పలక) మీటను వెనక్కి లాగి తోకను నేలకు అదిమి ఉంచుతాను. థ్రాటిల్ నెమ్మదిగా పెంచుతూ, కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) ముందే కొంచెం ఇస్తాను. వేగం అందుకున్నాక ఎలివేటర్ వదిలితే తోక లేస్తుంది. ఆ క్షణంలో ఇంకాస్త కుడి రడ్డర్ కావాలి. నేను ఎక్కువసార్లు తప్పింది అక్కడే. నిన్న సాయంత్రం ఐదుసార్లు లేపాను, ఐదుసార్లూ తిన్నగా లేచింది.