ఓపెన్ వరల్డ్ గేమ్‌లో సొంత కథ – 3వ పాఠం: బాణం గుర్తు లేకుండా ఆడటం

గత పాఠంలో మీ పాత్రకు ఒక వృత్తి, ఒక భయం, ఒక మొండిపట్టు రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ దానితోనే పని.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీలు (పెద్ద లోకంలో ఎటైనా తిరుగుతూ మనమే ఒక పాత్రగా ఆడే గేమ్‌లు) మన ఊహకు విలువిస్తాయా, లేక రాసిపెట్టిన కథ వెంట నడిచినవాళ్లకే అన్నీ ఇస్తాయా? మ్యాప్ పెద్దదైనంత మాత్రాన ఊహకు చోటు దొరకదని నా నమ్మకం. ఎవరూ చెప్పకుండా మనకై మనం ఒక పని చేసినప్పుడు ఆ లోకం బదులు పలకాలి. అలా పలికించడమే ఈ పాఠాల్లో మనం నేర్చుకునే విద్య.

ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లో 2002లో వచ్చిన మోరోవిండ్ గేమ్‌లో సెయిడా నీన్ అనే రేవు ఊరు దాటి కాస్త దూరం వెళ్తే, కేకలు పెడుతూ ఒక మనిషి ఆకాశం నుంచి పడి చచ్చిపోతాడు. అతని దగ్గర ఒక డైరీ, మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. ఒక పత్రం చదివితే ఎగిరి దూకే శక్తి 7 సెకన్ల పాటు 1000 పాయింట్లు పెరుగుతుంది. ఒక్క దూకుతో కొండలు దాటేస్తారు. కానీ కిందికి వచ్చేలోపు మంత్రం అయిపోతుంది, అతనికి పట్టిన గతే మీకూ పడుతుంది. నేల తగలబోయే ముందు రెండో పత్రం చదివితే మాత్రం బతుకుతారు! ఈ కిటుకు నేర్పే క్వెస్ట్ (గేమ్ మనకు అప్పగించే పని) ఏదీ లేదు. తట్టినవాళ్లకు బోలెడంత నడక తప్పుతుంది. ఊహకు ప్రతిఫలం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

మోరోవిండ్‌లో దారి మనుషులే చెప్తారు. 2006లో ఆబ్లివియన్‌తో ఈ సిరీస్‌లోకి కంపాస్ మీద బాణం గుర్తు వచ్చింది. బాణం ఉంది కదా అని మనుషులు దారి చెప్పడం తగ్గించేశారు. 2011 నాటి స్కైరిమ్‌లోనూ అంతే. అందుకే మన సాధన స్కైరిమ్‌లో పెట్టాను. అక్కడ అలవాటైతే ఎక్కడైనా ఆడగలరు.

గేమ్ మొదలయ్యే హెల్గెన్ నుంచి తప్పించుకుని రివర్‌వుడ్ అనే ఊరు చేరాక జర్నల్ (క్వెస్టుల జాబితా) తెరవండి. యాక్టివ్‌గా ఉన్న క్వెస్టులన్నీ ఆపేయండి, బాణాలు పోతాయి. వైట్‌రన్ నగరానికి వెళ్లి జార్ల్‌కు, అంటే అక్కడి పాలకుడికి, కబురు చెప్పమంటారు. వెళ్లకండి. ప్రధాన కథ వైట్‌రన్ పడమటి కావలి బురుజు దగ్గరి పోరు దాకా వస్తే తప్ప దారిలో డ్రాగన్లు ఎదురుపడవు. కథ ఎంతకాలమైనా ఆగుతుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు బతుకుతెరువు చూసుకోండి. రివర్‌వుడ్ మిల్లు దగ్గర కట్టెలు కొట్టే మొద్దు ఉంది. గొడ్డలి ఉంటే చాలు. కొట్టిన కట్టెను మిల్లు వాళ్లు ఒక్కోటి 5 బంగారు నాణేలకు కొంటారు. సత్రంలో రాత్రికి గది 10 నాణేలు, అంటే రెండు కట్టెలకు ఒక పడక. అద్దె కట్టిన పడక మీద నిద్రపోతే 8 గంటల పాటు నైపుణ్యాలు 10 శాతం వేగంగా పెరుగుతాయి. కూలి చేసుకుని బతుకుదామన్న మీ ఆలోచనకు లోకం బదులు పలికింది, చూశారా?

అన్నిచోట్లా ఇలా పలకదు. నాలుగు చిన్న మంత్రాలు వచ్చిన కత్తివీరుడు మంత్రవిద్య నేర్పే వింటర్‌హోల్డ్ కాలేజీకి ఆర్చ్‌మేజ్ (పెద్ద) అయిపోవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇది ఆ గేమ్‌లో పెద్ద లోటు, నాకు బాధగా ఉంటుంది. అలాంటి చోట గేమ్ అడ్డు చెప్పకపోయినా మీ పాత్ర చెప్పాలి. కాగితం చూసి, ఈ మనిషి ఒప్పుకుంటాడా అని అడగండి. ఒప్పుకోడనిపిస్తే మంచి బహుమతి ఉన్నా వదిలేయండి. మొదట్లో ప్రాణం ఒప్పదు. మూడు నాలుగు సార్లు వదిలాక పాత్రకు స్వభావం వస్తుంది.

ఈ వారం అభ్యాసం: ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద నొక్కి ఒక్కసారిగా చేరిపోవడం) వాడకుండా, దారి చూపే బోర్డులు, రోడ్లు చూసుకుంటూ రివర్‌వుడ్ నుంచి ఫాల్‌క్రీత్ ఊరికి వెళ్లండి. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు మీ పాత్ర చేసిన పని, కుడివైపు దానికి లోకం ఇచ్చిన బదులు రాయండి. కుడివైపు ఖాళీ మిగిలితే అలాగే వదలండి. వచ్చే పాఠంలో విచర్ 3 గేమ్‌లోని బ్లడీ బారన్ అనే పాత్ర కథ తీసుకుందాం. అందులో మనం ఆడే గెరాల్ట్ పాత్ర ముందే ఖాయమై ఉంటుంది, దారీ గేమ్ తయారు చేసినవాళ్లే వేశారు. అయినా అది అంత బలంగా ఎందుకు తగులుతుందో మీ కాగితంలోని ఖాళీల పక్కన పెట్టి చూద్దాం.